ఒకే నొప్పి.. మూడు జబ్బులు: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం మనకెందుకు గుర్తుండాలి?

అనకాపల్లి: మా దాదీ వయసు డెబ్బై దాటింది. ఆమె ఎడమ కాలు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ లావుగానే ఉంది. బోదకాలు. ఉత్తరాంధ్ర తీరంలో పుట్టి పెరిగిన వాళ్లకి ఈ జబ్బు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే ఆమెకి ఒంట్లో ఏ నొప్పి వచ్చినా ఇంట్లో అందరం ఆ కాలి మీదకే తోసేసేవాళ్లం. మోకాలు నొప్పంటే కాలి బరువు వల్ల అన్నాం. నడుము నొప్పంటే వంకరగా నడవడం వల్ల అన్నాం. చేతి వేళ్లు నొప్పంటే ఇక వయసు అనేశాం.

ఒకసారి రక్త పరీక్షలో యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువ వచ్చింది. అంతే, గౌట్ అని తేల్చేశారు. ఏడాది పాటు ఆ మందులు మింగింది. మాంసం మానేసింది, పప్పు మానేసింది, బక్రీద్ నాడు కూడా ముక్క ముట్టలేదు. నొప్పి మాత్రం తగ్గలేదు.

చివరికి ఒక డాక్టర్ గారు కాగితాలన్నీ పక్కన పెట్టి, రోజులో ఏ వేళకి ఎక్కడ నొప్పి అని అడిగారు. దాదీకి గడియారంతో పని లేదు, నమాజు వేళలే ఆమె గడియారం. ఫజర్‌కి వుజూ చేద్దామంటే వేళ్లు బిగుసుకుపోయి కుళాయి తిప్పలేనని, ఎండ బాగా ఎక్కాక గానీ అవి దారికి రావని చెప్పింది. జుహర్‌కి చేతులు ఫరవాలేదంది. మోకాళ్లు దీనికి తిరగబడి ఉన్నాయి. ఫజర్‌కి కాస్త నయం, రోజంతా ఇంటి పని అయ్యాక ఇషా వేళకి సజ్దా నుంచి లేవలేనంది.

ఆ జవాబుతో సగం పని అయిపోయింది. మిగతా సగం పరీక్షలు తేల్చాయి. కాలికి పాత ఫైలేరియా. మోకాళ్లకి అరుగుదల, అంటే ఆస్టియో ఆర్థరైటిస్. చేతులకి రుమటాయిడ్ ఆర్థరైటిస్, మన వాడుకలో కీళ్లవాతం. ఒకే ఒంట్లో మూడు జబ్బులు, మూడింటికీ ఒకే పేరు పెట్టి ఏళ్ల తరబడి నెట్టుకొచ్చాం.

నేను చదివింది బీకాం. ట్రయల్ బ్యాలెన్స్ ట్యాలీ అయినంత మాత్రాన లెక్కలన్నీ కరెక్ట్ అని కాదు, రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసినా ట్యాలీ అవుతుందని మొదటి ఏడాదిలోనే చెప్తారు. మా ఇంట్లో జరిగింది అదే.

ఇప్పుడు దాదీ మందుల డబ్బాలో రెండు ముఖ్యమైన మాత్రలున్నాయి. ఒకటి మెథోట్రెక్సేట్, రెండోది ఫోలిక్ యాసిడ్. అంతకుముందు బోదకాలు కోసం ఆమె వాడినది డీఈసీ, పాతవాళ్లు హెట్రజాన్ అనే మాత్ర. ఈ మూడు మందుల చరిత్ర చదువుతూ పోతే మూడూ వెళ్లి ఒకే మనిషి దగ్గర ఆగాయి. ఆయన మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

మెట్రిక్ రెండుసార్లు తప్పిన కుర్రాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం, ఆరోగ్యం సరిగ్గా లేక అదీ ఎక్కువ కాలం సాగలేదు. ఇంట్లో పిల్లలు చాలామంది, రాబడి తక్కువ.

చదువు మీద ఆయనకి మొదట్లో మనసు లేదు. పదమూడేళ్ల వయసులో ఇల్లు విడిచి కాశీ బయల్దేరారు, అక్కడ యాత్రికులకి అరటిపళ్లు అమ్మి డబ్బు చేసుకుందామని. తల్లి వెతికించి వెనక్కి తెచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. తల్లి నగలు అమ్మి మద్రాసు పంపితే అక్కడి హిందూ హైస్కూల్లో మూడో ప్రయత్నంలో పాసయ్యారు. పది ఫెయిలైన పిల్లాడిని మెకానిక్ షెడ్డులో పెట్టేసే ఇళ్లు మన బస్తీల్లో ఎన్నో ఉన్నాయి. వాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకున్నా చాలు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక సన్యాసం తీసుకుని రామకృష్ణ మఠంలో చేరదామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే జనానికి సేవ చేసినట్టూ ఉంటుందని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో పెళ్లయింది. చదువు ఖర్చుకి మామగారే ఆసరా.

అది గాంధీజీ పిలుపుకి దేశం కదులుతున్న కాలం. సుబ్బారావు ఖద్దరు గౌను వేసుకుని సర్జరీ క్లాసుకి వెళ్లారు. ఇంగ్లీషు ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్. వేసుకున్న గుడ్డ వల్ల డిగ్రీ తగ్గింది. ఆ తగ్గిన డిగ్రీ తర్వాత అమెరికాలో కూడా ఆయనకి అడ్డుపడింది.

ఇంట్లో రెండు చావులు

ఆ రోజుల్లోనే ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. స్ప్రూ అంటే పేగులు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వని జబ్బు. ఆగని విరేచనాలు, నోట్లో పుండ్లు, రక్తహీనత, చిక్కి శల్యమైపోవడం. చూసేవాళ్లకి ఇవన్నీ వేరువేరు జబ్బుల్లా కనిపిస్తాయి కానీ మూలం ఒక్కటే.

మా దాదీ కేసుకి ఇది సరిగ్గా తిరగేసిన బొమ్మ. ఆమెకి నొప్పి ఒకటే, కింద మూడు జబ్బులున్నాయి. స్ప్రూలో జబ్బు ఒకటే, పైకి నాలుగు బాధలుగా కనిపిస్తుంది. వైద్యుడి పనిలో అసలు కష్టం ఈ రెండింటినీ వేరు చేయడమే.

సుబ్బారావుకి కూడా స్ప్రూ వచ్చింది. ఆయన్ని గట్టెక్కించింది ఆయుర్వేద వైద్యం, చేసినవారు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి. ఆ తర్వాత ఆయన నడిపే మద్రాసు ఆయుర్వేద కళాశాలలో సుబ్బారావు అనాటమీ పాఠాలు చెప్పారు. అయితే మందు పని చేసిందన్న తృప్తితో ఆగిపోలేదు. ఆ జబ్బు ఎందుకొస్తుంది, ఏ పదార్థం దాన్ని ఆపుతుంది అన్నది తెలుసుకోవాలని పట్టుబట్టారు. ఆ పట్టుదల బోస్టన్ దాకా లాక్కెళ్లింది. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారు సర్దిన డబ్బు, ఇవే ఆయన దారి ఖర్చులు. భార్యకి మూడేళ్లలో తిరిగొస్తానని మాటిచ్చి 1920ల తొలినాళ్లలో ఓడెక్కారు. మళ్లీ రాలేదు.

రాత్రి ఆస్పత్రిలో పోర్టరు, పగలు పరిశోధన

హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో చేరారు గానీ స్కాలర్‌షిప్ రాలేదు. పొట్ట గడవడానికి బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగామ్ ఆస్పత్రిలో రాత్రి పోర్టరుగా కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం ఆ పనిలో భాగం. డాక్టర్ చదువు చదివిన మనిషి ఆ పని చేస్తూ పగలు ల్యాబులో కూర్చునేవారు. ఈ ఆస్పత్రి పేరు గుర్తుంచుకోండి, కథ చివర్లో మళ్లీ వస్తుంది.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే బయోకెమిస్ట్ దగ్గర పని మొదలుపెట్టారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఇప్పటికీ ఉంటుంది. నమ్మకంగా కొలవగలిగిన తర్వాతే నమ్మకంగా చెప్పగలం. డయాగ్నోసిస్‌కి పునాది అదే.

ఆ కొలతతోనే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టారు. 1929లో ఏటీపీ గురించి ప్రచురించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. మనం నడవాలన్నా, రుకూలోకి వంగాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా కండరానికి అందే శక్తి ఏటీపీ నుంచే. కండరం ఎలా పనిచేస్తుందన్న దాని మీద అప్పటిదాకా ఉన్న లెక్క ఈ రెండింటితో మారిపోయింది.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. అయినా హార్వర్డ్ ఆయనకి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. మరో పదేళ్లు అక్కడే చిన్న హోదాలో గడిపారు. ఇంటి దగ్గర, ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు శైశవంలోనే కన్నుమూశాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడలేదు. శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. మనం గొప్పవాళ్ల జీవితాలు రాసేటప్పుడు ఈ లెక్క కూడా రాయాలి. ఆ పేరు ప్రఖ్యాతులకి కట్టిన మూల్యంలో సగం ఒక ఆడమనిషిది.

ఆకుకూర నుంచి వచ్చిన మందు

1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ కంపెనీలో చేరారు. తర్వాత అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఎప్పట్నుంచో మనసులో ఉన్న పని ముందుకొచ్చింది. అన్నదమ్ములను తీసుకెళ్లిన రక్తహీనతకి విరుగుడు ఏమిటి?

దీనికి ఒక దారి మన దేశంలోనే మొదలైంది. లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు 1930 ప్రాంతంలో బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పని చేశారు. అందరికన్నా ఎక్కువగా బాధపడుతున్నది పేద ముస్లిం ఇళ్ల ఆడవాళ్లని, వాళ్ల తిండిలో ఏదో లోపం ఉందని ఆమె గమనించారు. ఈస్ట్‌తో తయారయ్యే మార్మైట్ పెడితే కోలుకుంటున్నారు. అందులో ఉన్న ఆ పదార్థం ఏమిటో ఎవరికీ తెలీదు. తర్వాత పాలకూర నుంచి కూడా అలాంటి పదార్థం తీశారు. లాటిన్‌లో ఆకు అనే మాట నుంచి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరొచ్చింది.

సుబ్బారావు బృందం దాన్ని 1945లో ల్యాబులో తయారు చేసి చూపించింది. అప్పటిదాకా బోలెడంత కాలేయం నుంచో, ఆకుల నుంచో పిసరంత దొరికే మందు ఇక ఫ్యాక్టరీలో తయారైంది. అమెరికా వైద్యుడు టామ్ స్పైస్ క్యూబాలో స్ప్రూ రోగులకి ఇస్తే వాళ్లు కోలుకున్నారు. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ల తర్వాత ఆ జబ్బుకి మందు వాళ్ల సోదరుడి చేతుల మీదుగానే వచ్చింది. ఈరోజు మన అంగన్‌వాడీలో ప్రతి గర్భిణికీ ఐరన్‌తో కలిపి ఇచ్చేది ఇదే ఫోలిక్ యాసిడ్.

ఇక్కడ కూడా రెండు జబ్బుల చిక్కు ఒకటి బయటపడింది. బీ12 లోపంతో వచ్చే రక్తహీనతలో ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం బాగుపడినట్టే కనిపిస్తుంది. కానీ లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. కాళ్లు మొద్దుబారుతాయి, నడక తూలుతుంది. రిపోర్టు బాగుంది, మనిషి బాగాలేడు. బీ12ను విడిగా గుర్తించింది 1948లో, వేరే శాస్త్రవేత్తలు. ఒక లోపాన్ని సరిచేస్తే ఇంకో లోపం దాక్కుంటుందన్న పాఠం వైద్యులకి అప్పుడే గట్టిగా తెలిసింది.

బోదకాలు మాత్ర, క్యాన్సర్ మందు

1947లో ఆయన విభాగం నుంచే హెట్రజాన్ వచ్చింది. శాస్త్రీయ నామం డైఇథైల్ కార్బమజీన్, పొట్టిగా డీఈసీ. రక్తంలో తిరిగే ఫైలేరియా పురుగు పిల్లలను ఇది చంపుతుంది. మన తీరప్రాంత జిల్లాల్లో మురుగునీటి దోమలు మోసుకొచ్చే ఆ జబ్బుకి అంతకుముందు సరైన మందు లేదు. 2004 నుంచి దేశంలో ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ మాత్రలు మింగించే కార్యక్రమం నడిచింది. మనలో చాలామంది ఆశా కార్యకర్త ముందు నిలబడి మింగింది ఆ భీమవరం మనిషి ల్యాబు మందే. ఒక్క మాట మాత్రం నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ మందు ఎప్పుడో వాచిపోయిన కాలిని తిరిగి సన్నం చేయదు. దానికి రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, కాలు ఎత్తులో పెట్టుకోవడమే దారి.

అదే కాలంలో బోస్టన్ పిల్లల ఆస్పత్రి పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్‌కి ఒక అనుమానం వచ్చింది. లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఫోలిక్ యాసిడ్ రకం మందులిస్తే జబ్బు ఇంకా జోరందుకుంటున్నట్టు కనిపించింది. మరి ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకుంటే? సుబ్బారావు బృందం అలాంటి మందులు తయారు చేసి పంపింది. అందులో ఒకటి అమినాప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన నివేదికలో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం పాటు వెనక్కి తగ్గింది. అది శాశ్వతం కాలేదు. అయినా మందుతో లుకేమియాను ఆపొచ్చని ప్రపంచం మొదటిసారి చూసింది. అమినాప్టెరిన్‌కి తోబుట్టువు లాంటి మందే మెథోట్రెక్సేట్.

1948లోనే లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్‌ను ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. ఆ విభాగానికి పెద్ద సుబ్బారావే. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పట్టుకున్నప్పుడు జనం మందుల షాపుల్లో ఎగబడి కొన్నది టెట్రాసైక్లిన్‌నే.

ఆ 1948 ఆగస్టులోనే న్యూయార్క్‌లో నిద్రలో గుండెపోటుతో ఆయన చనిపోయారు. వయసు 53. నోబెల్ రాలేదు. చివరిదాకా భారతీయుడిగానే ఉన్నారు. మన దేశం 1995లో శతజయంతికి ఒక తపాలా బిళ్ల వేసింది.

చేతి వేళ్ల దాకా వచ్చిన మందు

ఆయన పోయిన మరుసటి నెలలోనే, అంటే 1948 సెప్టెంబర్‌లో, అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతం ఉన్న ఒక మహిళకి కార్టిజోన్ ఇచ్చారు. మంచం దిగలేని మనిషి కొద్ది రోజుల్లో నడిచింది. దానికి 1950లో నోబెల్ వచ్చింది. కానీ స్టెరాయిడ్‌ను ఏళ్ల తరబడి వాడితే ఎముకలు గుల్లబారడం, షుగర్ పెరగడం లాంటివి వెంటపడతాయని త్వరలోనే తేలింది.

సుబ్బారావు బృందం మందు నెమ్మదిగా వచ్చింది. 1951లో రిచర్డ్ గబ్నర్ అనే వైద్యుడు కీళ్లవాతం రోగులకి అమినాప్టెరిన్ ఇచ్చి గుణం కనిపించిందని రాశారు. క్యాన్సర్ మందును కీళ్లకి వాడటమా అని చాలామంది వెనకాడారు. 1985లో బోస్టన్‌లోని బ్రిగామ్ అండ్ విమెన్స్ ఆస్పత్రి వైద్యులు వారానికోసారి చిన్న మోతాదు మెథోట్రెక్సేట్ ఇచ్చి, అది పనిచేస్తుందని పద్ధతిగా నిరూపించారు. 1988లో అమెరికా ప్రభుత్వం కీళ్లవాతానికి అనుమతించింది. గుర్తుందా, సుబ్బారావు రాత్రిళ్లు పాత్రలు కడిగిన పీటర్ బెంట్ బ్రిగామ్? అది మరో రెండు ఆస్పత్రులతో కలిసి ఏర్పడిందే ఈ ఆస్పత్రి.

కీళ్లవాతంలో మన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద దాడి చేస్తుంది. మెథోట్రెక్సేట్ ఆ దాడిని తగ్గిస్తుంది. అది తెచ్చే నోటి పుండ్లు, వికారం లాంటి ఇబ్బందులను తగ్గించడానికి ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. మందూ, ఆ మందుకి కాపలాదారూ రెండూ ఒకే మనిషి బృందం నుంచి రావడం చిత్రమే.

మన ఇంట్లో నొప్పి ఉంటే

అన్ని బాధలకీ ఒకే కారణం వెతకడం పాత అలవాటు. ఇరవై ఏళ్ల మనిషి విషయంలో అది తరచూ సరిపోతుంది. అరవై దాటాక ఒంట్లో రెండు మూడు జబ్బులు కలిసి ఉండటం మామూలే. పైగా మొదట వచ్చిన జబ్బు పేరు తర్వాత వచ్చినదాన్ని కప్పేస్తుంది. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి.

ఏ కీలు, ఏ వేళకి? పొద్దున్నే రెండు చేతుల చిన్న కీళ్లు అరగంటకి పైగా, ఒక్కోసారి గంటకి పైగా బిగుసుకుని ఉండి, కదిలిస్తే సడలుతుంటే కీళ్లవాతం అనుమానించాలి. వాడేకొద్దీ పెరిగి, కూర్చుంటే తగ్గేది ఎక్కువగా అరుగుదల. కాలి బొటనవేలు రాత్రికి రాత్రి ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్వలేకపోతే గౌట్ కావచ్చు. జ్వరంతో మొదలై నెలల తరబడి పీడించే నొప్పులంటే చికున్‌గున్యా సంగతి చెప్పాలి, 2006లో మన రాష్ట్రం అది చూసింది. ఫైలేరియా ఉన్న ప్రాంతాల్లో ఆ పురుగు వల్లే ఒక మోకాలు వాచి, డీఈసీతో తగ్గిన కేసులు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఒక్క పరీక్షని పట్టుకుని వేలాడొద్దు. యూరిక్ యాసిడ్ ఎక్కువున్న అందరికీ గౌట్ ఉండదు, గౌట్ నొప్పి తీవ్రంగా ఉన్న రోజున అది నార్మల్‌గా కూడా రావచ్చు. ఆర్ఏ ఫ్యాక్టర్ ఆరోగ్యంగా ఉన్న ముసలివాళ్లలోనూ కొందరికి పాజిటివ్ వస్తుంది, కీళ్లవాతం ఉన్న కొందరికి నెగెటివ్ వస్తుంది. యాంటీ సీసీపీ అనే పరీక్ష ఇంకాస్త నమ్మకమైనది. ఈఎస్ఆర్, సీఆర్‌పీ పెరిగాయంటే ఒంట్లో వాపు ఉందని తెలుస్తుంది, ఎందువల్లో అవి చెప్పవు. యాభై దాటిన మోకాలి ఎక్స్‌రేలో అరుగుదల కనిపించడం మామూలే, అది కనిపించిందని వెతకడం ఆపేయకూడదు. కీలులో నీరు చేరితే సూదితో తీసి పరీక్షించడం చాలా విషయాలు తేలుస్తుంది. గౌట్ స్ఫటికాలున్నాయా, చీము ఉందా అన్నది అందులోనే కనిపిస్తుంది.

కీళ్లవాతం పాతదే అయినా, ఉన్నట్టుండి ఒక్క కీలే ఎర్రగా వేడెక్కి జ్వరం వస్తే పాత జబ్బేలే అని ఊరుకోవద్దు. అది ఇన్ఫెక్షన్ కావచ్చు, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. షాపులో అడిగి స్టెరాయిడ్ సూదులు, మాత్రలు వేసుకుంటే నొప్పి తగ్గుతుంది, దాంతో పాటు అసలు జబ్బు ఆనవాళ్లూ మాయమవుతాయి.

ఇక మెథోట్రెక్సేట్ గురించి. ఇది కీళ్లకి వారానికి ఒక్క రోజే. మా ఇంట్లో ఈ పాఠం భయంతో నేర్చుకున్నాం. చీటీ మీద రాసింది సరిగ్గా అర్థం కాక, చెప్పేవాళ్లు సరిగ్గా చెప్పక, దాదీ మొదట్లో దాన్ని రోజూ వేసుకుంది. నాలుగో రోజుకి నోరంతా పుండ్లు. మా ఫుప్పు స్ట్రిప్పులో ఖాళీలు లెక్కపెట్టి అనుమానపడబట్టి సరిపోయింది. ఆస్పత్రిలో చేర్పించి రక్త పరీక్షలు చేయించి, విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇచ్చారు. అల్లాహ్ దయవల్ల గండం గడిచింది. ఇంకొన్ని రోజులు గడిచి ఉంటే ప్రాణం మీదకి వచ్చేది. గర్భిణులు, బిడ్డ కోసం చూస్తున్నవాళ్లు ఈ మందు వాడకూడదు. వాడేవాళ్లు రక్త కణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు డాక్టర్ చెప్పిన గడువుల్లో చేయించుకోవాలి.

ఆ తర్వాత మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. జుమా నాడు మెథోట్రెక్సేట్, శనివారం ఫోలిక్ యాసిడ్. జుమా ఎప్పుడో దాదీ మర్చిపోదు. మాత్రల స్ట్రిప్పు ఫుప్పు దగ్గరే ఉంటుంది, ఆ రోజుకి కావాల్సినవే తీసి చేతిలో పెడుతుంది.

ఇప్పుడు ఫజర్‌కి కుళాయి తనే తిప్పుకుంటోంది. మోకాళ్లు అరిగినవి అరిగినట్టే ఉన్నాయి, నమాజు కుర్చీ మీదే. కాలు అలాగే లావుగా ఉంది. మూడింట్లో ఒకటి లొంగింది, రెండింటితో ఎలా బతకాలో తెలిసింది. గౌట్ మందులు ఆపేశారు, ఈసారి బక్రీద్‌కి ముక్క కూడా తిన్నది. మందు కనిపెట్టింది ఎవరని ఆమధ్య అడిగింది. రైలెక్కితే ఒక్క పూటలో చేరే భీమవరం కుర్రాడు, రెండుసార్లు మెట్రిక్ తప్పాడని చెప్పాను. కాసేపు ఆగి, అతని తల్లి పేరు అడిగింది. వెంకమ్మ అని చెప్పాను.